భయమూ విశ్వాసమూ: తెగని వాదం ఎంతదాకా వచ్చింది

2020లో చర్చిల తలుపులు మూతపడినప్పుడు క్రైస్తవ లోకంలో ఒక పాత తగాదా మళ్లీ రాజుకుంది. విశ్వాసి అయినవాడు రోగానికి జడిసి ఇంట్లో కూర్చోవచ్చా? మాస్కు కట్టుకోవడం దేవుని కాపుదల మీద అపనమ్మకమా? కూడుకుని తీరాలన్నవారు తెగుళ్లనుంచి రక్షణను పాడే 91వ కీర్తనను చూపించారు. ఆగుదామన్నవారు అరణ్య శోధనను గుర్తుచేశారు. దేవాలయ శిఖరం మీదినుంచి దూకి చూపమని యేసును పురికొల్పుతూ సాతాను ఎత్తుకున్నది ఆ కీర్తననే కదా అన్నారు.

తగాదా చల్లారింది కానీ తేలలేదు. ఒకే పేరుతో నాలుగు వేర్వేరు సంగతులు చలామణీ కావడమే ఇందుకు ముఖ్య కారణం. దేవుని తీర్పును తలచుకుంటే కలిగే భయం ఒకటి. రోగం, చావు, రేపటి గురించిన భయం రెండోది. బలవంతుడు బలహీనుడిలో పుట్టించే భయం మూడోది. కారణం ఉన్నా లేకున్నా వదలక పట్టి పీడించి, జబ్బుగా ముదిరిన ఆందోళన నాలుగోది. ఒకదానికి చెప్పిన జవాబును ఇంకోదానికి అంటగట్టడంతోనే చిక్కంతా వచ్చింది. ఆ చిక్కుముడిని పాయలు పాయలుగా విడదీసి చూడడం ఈ సమీక్ష ఉద్దేశం. భయపడుతున్న విశ్వాసిని అల్పవిశ్వాసి అని తేల్చేసే తొందరపాటు ఈ చరిత్ర మొత్తంలో బలహీనమైన వాదన అన్నది నా అభిప్రాయం. దాన్ని ముందే చెప్పి మొదలుపెట్టడం న్యాయం.

లేఖనంలోనే రెండు పాయలు

భయపడవద్దన్న మాట బైబిలులో 365 సార్లు ఉందని, రోజుకొకటి చొప్పున దేవుడు ఇచ్చాడని ప్రసంగాల్లో తరచు వింటాం. ఓపిగ్గా లెక్కపెట్టినవారికి ఆ సంఖ్య దొరకదు. అంకె సంగతి ఎలా ఉన్నా, ఆదికాండంలో అబ్రాముతో మొదలైన ఆ మాట పత్మొసు ద్వీపంలో యోహాను దాకా వినిపిస్తూనే ఉంటుంది. అది ఎవరితో అన్నారో చూడాలి. దాదాపు ప్రతిచోటా అప్పటికే వణికిపోతున్నవారితోనే అన్నారు. దానికి తోడుగా వచ్చే హామీ కూడా చాలాచోట్ల ఒకటే, దేవుడు వెంట ఉంటాడని. ప్రమాదం తప్పిపోతుందన్న హామీ అంత తరచుగా కనబడదు.

రెండో పాయ దీనికి ఎదురుగా నడుస్తుంది. జ్ఞానానికి మొదలు దేవుని యెడల భయభక్తులేనని సామెతల గ్రంథం అంటుంది. మత్తయి 10వ అధ్యాయంలో యేసు శరీరాన్ని మాత్రమే చంపగలవారికి భయపడవద్దని, ఆత్మను కూడా నశింపజేయగలవానికి భయపడమని ఒకే ఊపిరిలో చెబుతాడు. యోహాను మొదటి పత్రిక మాత్రం పరిపూర్ణమైన ప్రేమ ఉన్నచోట భయానికి తావే లేదంటుంది. గలిలయ సముద్రం మీద తుపానుకు బెదిరిన శిష్యులను యేసు మందలిస్తాడు. మార్కు కథనాన్ని జాగ్రత్తగా చదివితే, తుపాను అణిగాక శిష్యుల భయం ఇంకా పెరిగింది. తమతోపాటు పడవలో ఉన్నది ఎవరన్న భయం అది.

వీటన్నిటి నడుమ గెత్సేమనే తోట ఉంది. అక్కడ యేసు కలవరపడ్డాడని, ప్రాణం మరణమంత దుఃఖంలో మునిగిందని మార్కు దాచకుండా రాశాడు. చెమట రక్తబిందువుల్లా కారిందని లూకా సువార్త. ఆయన కన్నీళ్లతో మొరపెట్టాడని హెబ్రీ పత్రిక. విశ్వాసం సంపూర్ణమైతే భయం సున్నా అవుతుందన్న సూత్రాన్ని ఎవరు ప్రతిపాదించినా, ముందు ఈ తోటలోంచి దాటి రావాలి. 13వ శతాబ్దంలో తోమా అక్వినాస్ ఈ ప్రశ్నను సూటిగా వేసుకుని, క్రీస్తులో మానవ సహజమైన భయం ఉందని, అది పాపం కాదని తేల్చాడు. ఆ జవాబును ఖండించే వాదన ఇంతవరకు నాకు కనబడలేదు.

దాసుని భయం, కుమారుని భయం

తొలి శతాబ్దాల చర్చి తండ్రులను వేధించింది మొదటి రకం భయం, దేవుని తీర్పు భయం. 5వ శతాబ్దంలో కాసియన్ తన సంభాషణల్లో మూడు మెట్లు చూపించాడు. దాసుడు దెబ్బలకు భయపడి, కూలివాడు కూలికి ఆశపడి, కుమారుడు తండ్రి మీది ప్రేమతో మేలు చేస్తారు. అగస్టీన్ ఇదే వరసలో ఆలోచిస్తూ భయాన్ని సూదితో పోల్చాడు. బట్టలోకి సూది ముందు దిగితేనే దాని వెంట దారం వస్తుంది, కానీ కుట్టు నిలవాలంటే సూది బయటికి రావాలి. శిక్ష భయం అలా ప్రేమకు దారి చేసి వెళ్లిపోతుంది. తండ్రిని నొప్పించకూడదన్న భయం మాత్రం మిగులుతుంది. అక్వినాస్ ఆ రెండో భయం పరలోకంలో కూడా ఉంటుందన్నాడు.

అసలు గొడవ సూది దగ్గర వచ్చింది. నరకానికి జడిసి మాత్రమే పశ్చాత్తాపపడినవాడి పశ్చాత్తాపం చెల్లుతుందా? అలాంటి భయం మనిషిని వేషధారిని చేస్తుందని లూథర్ వాదించాడు. 1551లో క్యాథలిక్ చర్చి త్రెంత్ మహాసభ ఆ భయం కూడా దేవుని వరమేనని, ప్రాయశ్చిత్త సంస్కారానికి మనిషిని సిద్ధం చేస్తుందని ప్రకటించింది. దానితో క్యాథలిక్కుల్లోనే రెండు పక్షాలు బయలుదేరాయి. తగువు ఎంత ముదిరిందంటే, 1667లో ఏడవ అలెగ్జాండర్ పోపు ఉభయులూ ఒకరినొకరు తప్పుపట్టుకోవడం ఆపాలని, రోము తీర్పు చెప్పేదాకా ఏ పక్షం మీదా ముద్ర వేయకూడదని ఆదేశం ఇప్పించాడు. తీర్పు చెప్పకుండా తగువును నిలిపిన ఆదేశం అది.

ప్రొటెస్టెంట్ల వైపు ఇదే ప్రశ్న ఉజ్జీవ సభల్లో తలెత్తింది. 1741 జూలై 8న ఎన్‌ఫీల్డ్‌లో జోనథాన్ ఎడ్వర్డ్స్ చేసిన నరకాగ్ని ప్రసంగం విని జనం కేకలు పెట్టారు, ఆయన మధ్యలో ఆగవలసి వచ్చింది. ఐదేళ్లకు అదే ఎడ్వర్డ్స్, ఇలాంటి కేకలూ వణుకులూ నిజమైన మార్పుకు రుజువు కావని ఒక పెద్ద గ్రంథమే రాశాడు. నరకాన్ని చూపి సంఘాన్ని నింపాలనుకునే ప్రసంగీకులు మొదటి ఎడ్వర్డ్స్‌ను చదివినంత శ్రద్ధగా రెండో ఎడ్వర్డ్స్‌ను చదవలేదు.

సీనాయి మఠాధిపతి సలహా

సిద్ధాంతాల పక్కన సాధన అనే దారి ఒకటి ఎప్పుడూ ఉంది. 7వ శతాబ్దంలో సీనాయి కొండ దగ్గరి మఠానికి అధిపతిగా ఉన్న యోహాను క్లైమాకస్ సన్యాసుల కోసం ముప్పై మెట్ల నిచ్చెనగా ఒక పుస్తకం రాశాడు. అందులో 21వ మెట్టు పిరికితనం గురించి. చీకటంటే, ఒంటరి చోట్లంటే బెదిరే సన్యాసికి ఆయన చెప్పిన మందు ఇది: ఏ చోటికి వెళ్లాలంటే నీకు దడో, అర్ధరాత్రి అక్కడికే వెళ్లు. దారి పొడవునా ప్రార్థన చేస్తూ వెళ్లు. చేరాక చేతులు చాచి యేసు నామం పలుకు. భయం వదిలాక విడిపించినవాడికి కృతజ్ఞత చెప్పు. ఈ బెదురుకు ఒక్కసారి లొంగితే అది నీతోపాటే ముదిరిపోతుందని కూడా హెచ్చరించాడు.

నేటి మానసిక వైద్యులు భయపెట్టే పరిస్థితికి రోగిని మెల్లమెల్లగా ఎదురు నిలబెట్టే చికిత్స చేస్తారు. పద్ధతిలో క్లైమాకస్ దానికి ఎంత దగ్గరగా ఉన్నాడో చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే, ఆయన లెక్కలో చీకట్లోకి నడిచే సన్యాసి ఒంటరివాడు కాడు. ఈ చిన్న అధ్యాయానికి వేదాంత చర్చల్లో దక్కవలసిన చోటు దక్కలేదని నా బాధ. భయం పోయాక నడవమని ఆయన అనలేదు, నడిస్తే పోతుందన్నాడు.

మెరుపు నుంచి ప్లేగు దాకా

మార్టిన్ లూథర్ జీవితంలో భయం రెండు చోట్ల మలుపు తిప్పింది. 1505 జూలై 2న స్టాటర్న్‌హైమ్ దగ్గర పిడుగు పక్కనే పడితే, బతికితే సన్యాసినవుతానని పునీత అన్నకు మొక్కుకున్నాడు. ఆ నెలలోనే ఎర్‌ఫర్ట్ మఠంలో చేరాడు. తర్వాతి సంవత్సరాల్లో ఎంత ఒప్పుకోలు చేసినా తీర్పు భయం వదలక నలిగిపోయాడు. విశ్వాసం మూలంగా నీతిమంతుడిగా తీర్చబడడమన్న ఉపదేశంలో ఆయనకు దొరికిన విడుదల ప్రధానంగా ఈ భయం నుంచే.

1527 ప్లేగు కథ వేరు. విటెన్‌బెర్గ్‌లో ప్లేగు అంటుకుంది. విశ్వవిద్యాలయం జేనాకు తరలిపోయింది. లూథర్, గర్భవతిగా ఉన్న భార్య కాతరీనా ఊళ్లోనే ఉండిపోయారు, ఇల్లే ఆసుపత్రి అయింది. బ్రెస్లా పాస్టర్లు అడిగిన ప్రశ్నకు జవాబుగా లూథర్ ఒక బహిరంగ లేఖ రాశాడు. చావుకు భయపడి పారిపోవడం దానంతటదే పాపం కాదు. కాపరి, అధికారి, రోగికి వేరే దిక్కులేని పొరుగువాడు మాత్రం నిలబడాలి. మందులు వాడాలి, పొగ వేసుకోవాలి, పని లేని చోటికి పోకూడదు. దేవుడే చూసుకుంటాడని మందును తిరస్కరించేవాడు దేవుణ్ణి పరీక్షిస్తున్నాడు, తన నిర్లక్ష్యంతో ఇతరులకు రోగం అంటిస్తే ఆ చావుల పాపం అతడిదే. ఆ నెలల్లో లూథర్ స్వయంగా తీవ్రమైన ఆత్మవేదనతో కుంగి ఉన్నాడు. ధైర్యస్థుడి లేఖగా దాన్ని చదవడం పొరపాటు. భయం ఉండగానే ఎవరి బాధ్యత ఏమిటో తేల్చుకున్న మనిషి లేఖ అది. 2020లో రెండు పక్షాలవారూ ఈ లేఖను చదివివుంటే తగాదా సగం తగ్గేది.

విమర్శకులు, ఆధునికులు

1927లో రెండు దెబ్బలు తగిలాయి. మతానికి పునాదే భయమని బెర్ట్రాండ్ రసెల్ లండన్ ఉపన్యాసంలో అన్నాడు. నిస్సహాయుడైన మనిషి తండ్రి కోసం కల్పించుకున్న భ్రమ మతమని ఫ్రాయిడ్ రాశాడు. ఫ్రాయిడ్‌కు జవాబిచ్చినవాడు ఆయన స్నేహితుడే, జూరిక్ పాస్టర్ ఆస్కర్ ఫిస్టర్. 1944లో ఆయన తెచ్చిన ‘క్రైస్తవ్యం, భయం’ అన్న గ్రంథం ఈ అంశం మీద అత్యంత నిజాయితీ గల పుస్తకాల్లో ఒకటి. యేసు ప్రేమతో భయాన్ని తీసేశాడని, చర్చి చరిత్రలో పదేపదే సిద్ధాంత నిర్బంధంతో ఆ భయాన్ని తిరిగి లోపలికి తెచ్చారని ఫిస్టర్ వాదన. ఒక పాస్టర్ తన ఇంటివారి మీదే ఇంత పెద్ద అభియోగం మోపడానికి గుండె దిటవు కావాలి.

తత్వవేత్తలు వేరే దారి తొక్కారు. కీర్కెగార్డ్ 1844లో భయాన్నీ బెంగనూ విడదీశాడు. భయానికి ఎదుట ఒక వస్తువు ఉంటుంది. బెంగకు ఉండదు, అది మనిషి స్వేచ్ఛ ముందు మనిషికే కలిగే తలతిరుగుడు. పాల్ టిలిక్ 1952లో దీన్ని మూడుగా పంచాడు: చావు బెంగ, అర్థశూన్యత బెంగ, అపరాధ బెంగ. వీటిని ఏ మందూ తీసేయలేదు, అంగీకరించి మోసే ధైర్యమే మార్గమన్నాడు. జబ్బుగా మారిన ఆందోళన మాత్రం వైద్యుడి వంతు అని గీత గీశాడు. ఆ గీత నేటికీ పనికొస్తోంది.

అదే 1952లో నార్మన్ విన్సెంట్ పీల్ పుస్తకం నమ్మకంతో భయాన్ని తరిమేయవచ్చని లక్షల మందికి నూరిపోసింది. శ్రేయస్సు సువార్త ఆ ధోరణిని ఇంకా దూరం తీసుకుపోయింది. భయం తీరనివారికి ఈ పాయ మిగిల్చేది ఒక అదనపు నేరారోపణ మాత్రమే గనుక దీని దగ్గర ఎక్కువసేపు ఆగను.

భయపెట్టేవాడు ఎదుటే ఉన్నప్పుడు

హోవర్డ్ థర్మన్ 1949లో రాసిన చిన్న పుస్తకం వాదన దిశనే మార్చింది. అమెరికా నల్లజాతి వేదాంతి అయిన ఆయన 1936లో బార్డోలీలో గాంధీని కలిసినవాడు. గోడకు వీపు ఆనించి బతికేవారికి యేసు ఏం చెబుతాడన్నది ఆయన ప్రశ్న. ఎప్పుడు ఏ కారణంతో దెబ్బ పడుతుందో తెలియని మనిషి భయం ఊహ కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త. ఆ మనిషికి ధైర్యం ఎక్కడినుంచి రావాలి? బానిసగా పుట్టిన తన అమ్మమ్మ చెప్పిన సంగతిని థర్మన్ జవాబుగా రాశాడు. బానిసల కూటంలో వారిలోనే ఒకడైన బోధకుడు ప్రసంగం ముగిస్తూ, మీరు బానిసలు కారు, దేవుని పిల్లలు అని చెప్పేవాడట. ఆ మాటతో వారి నడుములు నిటారుగా అయ్యేవట. ఇదే పాయలో నడిచిన మార్టిన్ లూథర్ కింగ్ 1956 జనవరిలో బెదిరింపు ఫోను వచ్చిన రాత్రి వంటింట్లో కూర్చుని, ధైర్యం చచ్చిపోయిందని దేవునికి మొరపెట్టుకున్నాడు. తర్వాత రాసిన ప్రసంగంలో భయాన్ని పూర్తిగా తీసేయాలని ఆయన అనలేదు. కాపాడే భయాన్నీ కుంగదీసే భయాన్నీ వేరుచేశాడు.

తెలుగు నేల మీద దళిత క్రైస్తవానికి ఈ పాయతో ఉన్న చుట్టరికం పైపైది కాదు. 1985 జూలై 17న కారంచేడులో చంపబడిన మాదిగలను, ఊరు వదిలి చీరాల చేరిన కుటుంబాలను తలచుకుంటే, భయపడవద్దన్న వాక్యం వినిపించేవారి బాధ్యత ఏమిటో తెలుస్తుంది. భయం పోవాలంటే దానికి కారణమైన వ్యవస్థ కూడా కదలాలి. దళిత వేదాంతం ఈ మాటను గట్టిగా చెప్పింది. గుండె ధైర్యం ముందా, న్యాయం ముందా అన్న వరస మీద మాత్రం అక్కడా ఏకాభిప్రాయం లేదు.

ఊరి భయాలు

తెలుగు పల్లెల్లో ఈ చర్చ ఇంకో రూపం ఎత్తింది. పోశమ్మ, మైసమ్మ, దయ్యం, దిష్టి, చేతబడి: వీటి భయం బాప్తిస్మంతో పోయిందా? మెదక్ ప్రాంతపు గ్రామ సంఘాల మీద పి.వై. ల్యూక్, జాన్ కార్మన్ 1968లో ప్రచురించిన అధ్యయనం, విశ్వాస కుటుంబాలు కూడా ఊరి అమ్మవార్ల లోకం నుంచి పూర్తిగా బయటపడలేదని చూపించింది.

1932లో తెలంగాణ నేలమీదే పుట్టి, ఇక్కడే మిషనరీగా పనిచేసి, తర్వాత మానవశాస్త్రజ్ఞుడైన పాల్ హీబర్ట్ ఒక ఉదంతం రాశాడు. ఒక పల్లెలో మశూచి లేచింది. మైసమ్మ కోపమని, దున్నను బలివ్వాలని, ఇంటింటికీ చందా అని పెద్దలు తేల్చారు. క్రైస్తవులు చందా ఇవ్వబోమన్నారు. వారిని బావి దగ్గరికి రానివ్వలేదు, కోమటి సరుకు అమ్మలేదు. చివరికి విశ్వాసుల ఇంట్లో ఒక పిల్లకు మశూచి సోకింది. సంఘపెద్ద వచ్చి ప్రార్థన చేయమంటే హీబర్ట్ మోకాళ్లూనాడు గానీ, మనసులో తుపాను. చదువుకున్న వేదాంతం, విజ్ఞానం రెండూ ఆ క్షణానికి చాలలేదు. వారం తర్వాత పిల్ల చనిపోయిందని అదే సంఘపెద్ద వచ్చి చెప్పాడు. హీబర్ట్ ఓడిపోయాననుకున్నాడు. సంఘపెద్ద అలా అనుకోలేదు. పిల్ల బతికితే ఊరు మన దేవుని శక్తిని ఒప్పుకునేదే, కానీ సమాధి దగ్గర మన నిరీక్షణ చూసి చావుమీది గెలుపునే చూసింది అన్నాడు.

1982లో హీబర్ట్ రాసిన ప్రసిద్ధ వ్యాసానికి పునాది ఇలాంటి అనుభవాలే. పాశ్చాత్య మిషనరీకి పైన దేవుడు, కింద విజ్ఞానశాస్త్రం ఉన్నాయి, నడిమి అంతస్తు ఖాళీ అని ఆయన అందులో చెప్పాడు. దిష్టికీ దయ్యానికీ జవాబు దొరకని విశ్వాసి మంత్రగాడి గుమ్మం తొక్కుతాడు. స్వస్థత కూటాలు, విడుదల ప్రార్థనలు ఆ ఖాళీని నింపాయి. నింపిన తీరు మీద రెండు అభిప్రాయాలున్నాయి. యేసు నామంలో దయ్యం భయం తీరిందన్నది ఒకటి. ప్రతి దగ్గుకీ ప్రతి అప్పుకీ వెనక దయ్యాన్ని వెతకడం వల్ల పాత భయానికే కొత్త బట్టలు తొడిగినట్టయిందన్నది రెండోది. రెండింటిలోనూ నిజం ఉంది. ఏది ఎక్కువన్నది సంఘాన్ని బట్టి, కాపరిని బట్టి మారుతుంది.

పరిశోధకులు చూసింది

చావుభయం, మతనిష్ఠల సంబంధం మీద వచ్చిన సుమారు వంద అధ్యయనాలను 2017లో జోనథన్ జాంగ్ బృందం కలిపి సమీక్షించింది. సగానికి పైగా ఫలితాల్లో ఏ సంబంధమూ కనబడలేదు. కొన్నింట్లో నిష్ఠ పెరిగినకొద్దీ భయం తగ్గింది, ఇంకొన్నింట్లో పెరిగింది. వంపుగీత కోసం సరిగా వెతికిన కొద్ది అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఒక ఆసక్తికరమైన ఆకారం చూపాయి: గాఢంగా నమ్మేవారికీ అసలు నమ్మనివారికీ భయం తక్కువ, నడిమివారికి ఎక్కువ.

నమ్మకం ఎంత అన్నదానికంటే ఎలాంటిది అన్న ప్రశ్నే ఫలవంతమని కెనెత్ పార్గమెంట్ చూపించాడు. దేవుడు తోడున్నాడని ఆనుకునేవారికి కష్టంలో ఊరట దొరుకుతుంది. దేవుడు శిక్షిస్తున్నాడని, వదిలేశాడని నలిగేవారికి నష్టం జరుగుతుంది. ఆసుపత్రి పాలైన దాదాపు 600 మంది వృద్ధులను రెండేళ్లు గమనించి 2001లో ఆయన బృందం ప్రచురించిన ఫలితం ప్రకారం, ఇలాంటి ఆధ్యాత్మిక సంఘర్షణలో ఉన్నవారిలో మరణాల ముప్పు ఎక్కువగా ఉంది. రోగి మంచం పక్కన నిలబడి ఇది దేవుని శిక్ష అనేవారు దీన్ని పట్టించుకోవాలి.

ఆందోళనను జబ్బుగా కాక పాపంగా చూడాలన్న జే ఆడమ్స్ 1970 నాటి పుస్తకం సలహాసేవలో ఒక పెద్ద వర్గాన్ని తయారుచేసింది. దానికి ఎదురుగా చర్చి అనుభవమే సాక్ష్యం చెబుతుంది. తీరని అపరాధ భయంతో జాన్ బన్యన్, ఇగ్నేషియస్ లొయోలా లాంటి భక్తులే నలిగారు. ఇగ్నేషియస్ ఆ స్థితికి ప్రత్యేక నియమాలు కూడా రాశాడు. వారిది విశ్వాసలోపమని అనడానికి నోరు రాదు.

పక్కపక్కన పెడితే

తీర్పు భయం విషయంలో అన్ని పాయలూ ఒకచోట కలుస్తాయి: సువార్త దాన్ని తీసేస్తుంది. మొదట్లో దాన్ని వాడుకోవచ్చా అన్నదే తేడా. ప్రాణభయం విషయంలో పీల్, శ్రేయస్సు సువార్తల పాయ ఒకవైపు నిలబడితే, అక్వినాస్, క్లైమాకస్, లూథర్, కింగ్ ఇంకోవైపు నిలబడతారు. భయం ఉండొచ్చు, అది మనిషిని ఎటు నడిపిస్తుందన్నదే వీరికి ముఖ్యం. నా మొగ్గు వీరివైపే. అణచివేత భయానికి థర్మన్ జవాబును మించింది లేదు, కానీ అది సగం జవాబేనని ఆయనే ఒప్పుకునేవాడనుకుంటాను. జబ్బుగా మారిన భయానికి ప్రార్థన, వైద్యం రెండూ కావాలని టిలిక్ గీత సూచిస్తుంది. ఆ గీతను ఏ సంఘపు గుమ్మంలో ఎవరు గీయాలన్నది వేరే ప్రశ్న.

ఇంకా తేలనివి

పిల్లలకు నరకం గురించి ఎలా చెప్పాలన్నది వీటన్నిటిలో అత్యవసరమైనది. త్రెంత్ నుంచి ఎడ్వర్డ్స్ దాకా జరిగిన వాదనంతా పెద్దలను దృష్టిలో పెట్టుకుని సాగింది. ఆదివారపు బడిలో ఏడేళ్ల పిల్ల దగ్గర సూది గుచ్చాక దారం వెంట వచ్చిందో లేదో ఎవరు చూస్తున్నారు?

రెండోది కారణమూ ఫలితమూ. విశ్వాసం భయాన్ని తగ్గిస్తోందా, లేక స్వభావరీత్యా నిబ్బరం ఉన్నవారే విశ్వాసంలో నిలబడుతున్నారా? ఒకేసారి ప్రశ్నపత్రం పంచి లెక్కకట్టే అధ్యయనాలు దీన్ని తేల్చలేవు. అవే మనుషులను ఏళ్ల తరబడి వెంబడించాలి. పైగా ఇప్పటిదాకా ఉన్న లెక్కల్లో అత్యధికం అమెరికావి. పొద్దున ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ సాయంత్రం ఉపవాస ప్రార్థనకూ వెళ్లే మెదక్ విశ్వాసి, పొలం గట్టుమీద పాత కక్షను మోస్తూ ఆదివారం గుడికి వచ్చే ప్రకాశం విశ్వాసి ఆ వంపుగీత మీద ఎక్కడ పడతారో చెప్పడానికి ఆ లెక్కలు చాలవు.